తలుపు లేని నరసింహస్వామి

ఉప్పల్‌కు మెట్రో రైలు వచ్చిన మరుసటి ఏడాది ఆషాఢంలో నన్ను నాచారం గుట్ట నరసింహస్వామి ఆలయానికి కార్యనిర్వహణాధికారిగా వేశారు. దేవాదాయ శాఖలో ఈ ఉద్యోగాన్ని అందరూ ఈవో అనే అంటారు. ఈవో అనగానే పట్టు శాలువలు, మంత్రుల దర్శనాలు, పూర్ణకుంభాలు ఊహించుకోకండి. పెద్ద గుడికి ఒక ఈవో ఉంటారు. చిన్న గుళ్లన్నిటినీ కట్టగట్టి ఒకరి నెత్తిన పెడతారు, దాన్ని గ్రూపు అంటారు. నా గ్రూపులో రామంతాపూర్‌లో ఒక రామాలయం, చెంగిచెర్లలో ఒక శివాలయం, నాచారంలో ఈ గుట్ట ఉండేవి. అంబర్‌పేటలో మా ఇంటి నుంచి షేర్ ఆటోలు మారుతూ ముగ్గురు దేవుళ్లకూ హాజరు వేయించుకునేదాన్ని. అప్పటికి నా సర్వీసు చివరికొచ్చింది. ఎక్కడా మాట పడకుండా రిటైరైపోతే చాలనే మూడ్‌లో ఉన్నాను.

నాచారం గుట్ట అంటే నిజానికి గుట్ట కాదు, ఒకదాని మీద ఒకటి కూర్చున్న పెద్ద గుండ్లు. చుట్టూ ఫ్యాక్టరీల షెడ్లు, లారీలు, హాస్టళ్లు, మెస్సులు. వాటి మధ్య సందులోంచి మెట్లెక్కితే పెద్ద గుండు కింద గుహ. గుహ నోట్లో నాలుగు నల్లరాతి స్తంభాల మండపం, దాని వెనక బండకే చెక్కిన స్వామి. ముఖం అరిగిపోయి, దీపం పక్కగా పెడితేనే కోరలు కనిపిస్తాయి.

ఈ గుడి వయసెంత అని అడిగితే నేను చెప్పలేను. శాసనం లేదు. మా ఫైలులో "పురాతనము" అని ఒక్క మాట ఉంది, అంతే. మెట్ల దగ్గరి బోర్డు మీద మాత్రం నేను చేరినప్పుడు ఎనిమిది వందల ఏళ్లు అని ఉండేది. ఉగాదికి రంగులు వేయించినప్పుడు వెయ్యి ఏళ్లయింది. ఆ పెయింటర్‌ను ఇంకోసారి పిలిస్తే త్రేతాయుగం దాకా పోతాడని నేను బోర్డును అంతటితో వదిలేశాను. స్తంభాలు చూసిన పురావస్తు శాఖ మిత్రుడొకాయన మండపం చాలా పాతదేనని, గుహలో స్వామి అంతకన్నా పాతవాడు కావచ్చని చెప్పాడు. కాగితం మీద రాసివ్వమంటే నవ్వి టీ తాగి వెళ్లిపోయాడు.

చరిత్ర తక్కువైన చోట కథ నిండుగా ఉంటుంది. నరసింహస్వామి చెంచు పిల్లను పెళ్లి చేసుకున్న సంగతి మన తెలుగువాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఆ కబురు తెలిసి ఆదిలక్ష్మి అలిగి వెళ్లిపోయింది. వెళ్తూ వెళ్తూ వాకిలి ధడాలున వేసి పోయిందని నాచారం వాళ్ల కథ. స్వామి వెతికి వెతికి ఈ గుండు కిందికి వచ్చి కూర్చున్నాడు. ఆవిడ ఎప్పుడు తిరిగొచ్చినా తలుపు తట్టే పని ఉండకూడదని, తలుపే వద్దన్నాడు. అందుకే ఆ గుడికి తలుపు లేదు. కుక్కలు దూరకుండా మోకాలెత్తు చెక్క ఒకటి అడ్డం పెట్టేవాళ్లు.

దీనివల్ల పూజావిధానమే మారిపోయింది. వైష్ణవాలయాల్లో రాత్రి నివేదన తర్వాత స్వామికి పవళింపు సేవ చేస్తారు. ఆపైన కవాటబంధనం, అంటే తలుపులు మూయడం. మర్నాడు సుప్రభాతంతో తెరవడం. ఈ గుట్ట మీద పవళింపూ లేదు, సుప్రభాతమూ లేదు. అర్చకులు శేషాచార్యులు గారిని నేను చేరిన కొత్తలో దీని గురించి అడిగితే, "స్వామి పండనే లేదు మేడం, ఇగ లేపుడేంది?" అన్నారు.

వాటి బదులు అక్కడ పిలుపు సేవ ఉంది. సాయంత్రం పానకం నైవేద్యమయ్యాక ఆచార్యులు గారు హారతి పళ్లెంతో గుహ అంచుకు వచ్చి, స్వామికి వీపు పెట్టి, వీధి వైపు తిరిగి నిలబడతారు. "అమ్మా, తలుపు లేదు, లోపలికి రావమ్మా" అని గట్టిగా పిలుస్తారు. దీపం వదిలేసి మెట్లు దిగి ఇంటికి పోతారు. కింద లారీ హారన్లు, షిఫ్టు సైరన్లు మోగుతుంటాయి. ఆయన వాటికి లోబడకుండా గొంతు పెంచేవారు. మొదటిసారి విన్నప్పుడు, ఒక మగమనిషి ఇంత సంకోచం లేకుండా ఇంత బతిమాలడం ఎక్కడా వినలేదే అనుకున్నాను.

ఆ కథకు ఒక ఆచారం కూడా ఉందని చేరిన రెండో వారంలో తెలిసింది. మధ్యాహ్నం వెళ్లేసరికి మండపంలో స్తంభానికి ఆనుకుని ఒకావిడ కూర్చుని ఉంది. మెడలో సిలువ గొలుసు, ఒళ్లో టిఫిన్ డబ్బా, మందుల కంపెనీ ప్యాకింగ్ యూనిట్ వాళ్ల నీలం కోటు. ఏమ్మా, ఎవరు కావాలని అడగబోతే ఆచార్యులు గారి భార్య అలివేలమ్మ గారు నా చెయ్యి పట్టి పక్కకు లాగారు. "అడగొద్దు మేడం. గిక్కడ ఎవ్వలం అడగం."

ఇంట్లో గొడవపడి వచ్చిన ఆడవాళ్లు ఆ మండపంలో కూర్చుంటారు. ఎందుకొచ్చావని, ఎప్పుడు పోతావని ఎవరూ అడగరు. ఆచార్యులు గారి ఇల్లు మెట్ల మొదట్లోనే. అలివేలమ్మ గారు అన్నం పెడతారు, పొద్దుపోతే తమ ఇంటికి తీసుకెళ్లి పక్కలో పడుకోబెట్టుకుంటారు. భర్త వస్తే చెప్పులు విడిచి గుహ అంచున నిలబడాలి. లోపలికి రాకూడదు. భార్యను పేరు పెట్టి, నలుగురికీ వినపడేలా పిలవాలి. ఆవిడకు ఇష్టమైతే లేచి వస్తుంది. లేకపోతే అతను వెళ్లి మళ్లీ రావాలి. అంతకు మించి పంచాయతీ లేదు, పెద్దమనుషులు లేరు.

పొద్దువాలుతుండగా హెల్మెట్ చంకలో పెట్టుకుని ఒకతను వచ్చాడు. అటూ ఇటూ చూసి, గొంతు సవరించుకుని, "మేరీ, జర ఇంటికి రా. ఇగ నుంచి అట్ల అనను" అన్నాడు. ఏమన్నాడో ఎవరికీ తెలియదు. ఆవిడ కాసేపు గోడ వైపు చూసి, డబ్బా తీసుకుని లేచింది. వాళ్లు దిగిపోయాక, చర్చికి పోయేవాళ్లు కూడా ఇక్కడికి వస్తారా అన్నాను. అలివేలమ్మ గారికి ఆ ప్రశ్నే వింతగా తోచింది. "దేవుడు వేరైతే ఏంది మేడం, అలక ఒక్కటే గదా" అన్నారు. మరి మగవాళ్లు అలిగితే అన్నాను. "గాళ్లకు కల్లు కాంపౌండ్ ఉన్నది."

నేను ఆ గుడిని ఇష్టపడటం మొదలుపెట్టింది ఆ రోజే. నా పెళ్లయిన కొత్తలో ఇట్లాంటి చోటు ఒకటి ఉంటే రెండు మూడుసార్లయినా వాడుకునేదాన్ని.

ఇక అసలు సంగతికి వస్తాను. స్వామికి ఒక వెండి కవచం ఉంది. శనివారాలు, స్వాతి నక్షత్రం రోజు, నరసింహ జయంతికి అలంకరిస్తారు. మిగతా రోజుల్లో ఆచార్యులు గారి ఇంట్లో బియ్యం డబ్బాలో ఉండేది. తాతల నాటి నుంచీ అంతే. మా శాఖలో ఆభరణాల తనిఖీ అధికారి అని ఒకరుంటారు. గుడి గుడికీ తిరిగి నగలను తూకం వేసి, నాణ్యం చూసి, రిజిస్టరుతో సరిపోల్చడం ఆయన పని. ఆ ఏడు మా వంతు వచ్చింది. కవచం తూకం సరిగ్గా సరిపోయింది. ఆయన సంతోషించి, కవచాన్ని ఎక్కడ భద్రపరుస్తారని అడిగారు. ఆచార్యులు గారు దాపరికం లేని మనిషి. "బియ్యంల" అన్నారు.

నెల తిరక్కుండా సహాయ కమిషనర్ గారి నుంచి మెమో వచ్చింది. సహాయ కమిషనర్ అంటే ఈవోలకు పై అధికారి, ఏసీ అంటాం. మా ఏసీ గారు నిక్కచ్చి మనిషి, మాట తక్కువ, చెడ్డవారు కారు. మెమో సారాంశం ఇది: ఆలయానికి తలుపులు అమర్చి, జంట తాళాలు వేయాలి. ఒక తాళంచెవి ఈవో దగ్గర, ఒకటి అర్చకుడి దగ్గర ఉండాలి. మధ్యాహ్నం విరామంలో, రాత్రి పూట తలుపులు మూసి ఉంచాలి. కార్తీక మాసంలోగా జరగకపోతే ఈ గుడిని పెద్ద ఆలయానికి దత్తత ఇస్తారు. దత్తత అంటే ఆ గుడి బాధ్యత పెద్ద గుడికి పోతుంది, పూజకు వాళ్లు తమ అర్చకుణ్ణి పంపుకుంటారు, ఇక్కడి అర్చకుణ్ణి ఎక్కడో సర్దుతారు. శేషాచార్యులు గారి వంశం తరాలుగా పిలుస్తూ వచ్చిన ఆ పిలుపు కార్తీకంతో ఆగిపోతుంది.

మెమోను ఆచార్యులు గారికి చదివి వినిపించాను. మా ఇంజనీరు ముందే చూసి వెళ్లాడు. గర్భాలయం దగ్గర బండ వంకరటింకరగా ఉంది, చట్రం నిలవదు. పెడితే మండపం ముందు, గుహ నోటికే పెట్టాలి. అంటే మండపం కూడా లోపలికి పోతుంది. ఆచార్యులు గారు అప్పుడు అన్న మాటలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి.

"మీరు పెట్టుమంటే నేను వద్దననమ్మా, సర్కారు మాట. గానీ ఇగ పిలుపు సేవ నాతోని కాదు. తలుపు బిగించి, తాళమేసి, అమ్మా రావమ్మా అని ఏ మొఖంతోని పిలువాలె? అది అబద్ధమైతది. అబద్ధం జెప్పి తీర్థమియ్యలేను."

తలుపు పెట్టకపోతే ఆయన గుడి పోతుంది, పెడితే సేవ పోతుంది. ఎటు చూసినా నష్టపోయేది ఆయనే. నాకు నిజంగా బాధ కలిగింది, అంతకన్నా ఎక్కువగా చిరాకు కలిగింది. మా చట్టంలోనే ఆలయ ఆచారాలకు, వాడుకకు భంగం కలగకూడదని ఉంది. ఆ దారి నాకు తెలుసు. కానీ పద్ధతి ఒకటుంది. ఆచారానికి భంగం అని అభ్యంతరం చెప్పాల్సింది భక్తులు. మెమో అందుకున్న ఉద్యోగే ఆ మాట ఎత్తితే దాన్ని పని ఎగ్గొట్టడం అంటారు. ఆచార్యులు గారు చెప్పినా పనికిరాదు, ఆయనకు స్వార్థం ఉందంటారు. మండపంలో కూర్చున్న ఆడవాళ్లను అడగాలంటే, అక్కడ ఎవరూ ఎవరినీ అడగరాదన్నది కట్టుబాటు. ఒకరిద్దరు పాత భక్తులను కదిపి చూశాను. తలుపు వస్తే గుడి కళకళలాడుతుందని, గ్రానైట్ కూడా వేయించమని సలహా ఇచ్చారు.

ఇక చేసేది లేక దాత కోసం వెతికాను. ఎక్కువ వెతకాల్సిన పని పడలేదు. ఉప్పల్‌లో హార్డ్‌వేర్ దుకాణం సత్తిరెడ్డి గారు కబురందిన పూటే మెట్లెక్కి వచ్చారు. తెల్ల బట్టలు, రెండు ఫోన్లు, పెద్ద గొంతు. "తలుపంటే మనదే మేడం. ఫికర్ జేయకున్రి, ఉప్పల్ మొత్తం చూడొచ్చేటట్టు చేపిద్దాం" అన్నారు. వెనకాల ఆయన భార్య బాలమణి గారు ఉన్నారు. కొడుక్కి డెంగీ వచ్చి దవాఖానాలో ఉన్నప్పుడు స్వామికి ఏదైనా చేయిస్తానని ఆవిడ మొక్కుకున్నారట. టేకు దుంగ ఎంచుకున్నది ఆవిడే. అంబర్‌పేటలో చెక్కుడు పని చేసే మేస్త్రీ దగ్గరికి ఎన్నిసార్లు తిరిగారో. ఒక రెక్క మీద స్వామి, ఇంకో రెక్క మీద అమ్మవారు, చుట్టూ తీగలు. నేను ఒకసారి వెళ్లి చూశాను. మంచి పని, వంక పెట్టడానికి వీల్లేదు. ఆవిడ దాని మీద చెయ్యి రాస్తూ నిలబడ్డ తీరు చూస్తే, ఆ తలుపు వల్ల ఒక సేవ ఆగిపోతుందని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

తలుపు బిగించే రోజు ఉదయం ముహూర్తం, మధ్యాహ్నం ఏసీ గారి తనిఖీ. ఆచార్యులు గారు ఎవరి వైపూ చూడకుండా పుణ్యాహవచనం చేశారు. మేస్త్రీ మనుషులు రెక్కలు ఎత్తి చట్రానికి తగిలించారు. సత్తిరెడ్డి గారు రెక్కల అడుగున కప్పిన పసుపు గుడ్డను ఫోటోగ్రాఫర్ కోసం ఆగి ఆగి తొలగించారు.

గుడ్డ కింద దాత పేరు చెక్కి ఉంది. మన దగ్గర గుళ్లలో ఫ్యాను ఇచ్చినా, గంట ఇచ్చినా "ఫలానా దంపతులు" అని రాయించుకోవడం రివాజు. ఆ వివరాలు అడిగిన మేస్త్రీకి సత్తిరెడ్డి గారు హడావిడిలో జేబులోంచి తన విజిటింగ్ కార్డు తీసి ఇచ్చారట. మేస్త్రీ నిజాయితీపరుడు. కార్డు మీద ఉన్నది ఉన్నట్టు చెక్కాడు. "సత్తిరెడ్డి అండ్ సన్స్, హార్డ్‌వేర్ మర్చంట్స్, ఉప్పల్. ఇచట అన్ని రకముల తాళములు లభించును." అక్షరాలు చాలా అందంగా వచ్చాయి.

ఎవరో కిసుక్కున నవ్వారు. నేను నవ్వు ఆపుకోవడానికి ఫైలు అడ్డం పెట్టుకున్నాను. బాలమణి గారు మాత్రం వంగి, మొదటి నుంచి చివరి దాకా చదివారు. మళ్లీ చదివారు. కొంగు నడుముకు దోపుకుని, గడప దాటి లోపలికి పోయి, నల్లరాతి స్తంభానికి ఆనుకుని కూర్చున్నారు.

ఆ కూర్చోవడం ఏమిటో అక్కడున్న ఆడవాళ్లందరికీ ఒక్కసారిగా అర్థమైంది. అర్థం కానిది సత్తిరెడ్డి గారికే. "ఏందిది, లే, ఏసీ సారొస్తుండు" అంటూ లోపలికి పోబోతే అలివేలమ్మ గారు చెయ్యి అడ్డం పెట్టారు. "లోపలికి పోవద్దు. చెప్పులిడిసి గీడ నిలబడి పేరు పెట్టి పిలువు."

ఇక్కడ ఒక చిక్కు వచ్చిపడింది. సత్తిరెడ్డి గారు పెళ్లయినప్పటి నుంచి భార్యను పేరు పెట్టి పిలిచి ఎరగరు. "ఇగో" అన్నారు. లోపల ఉలుకూ పలుకూ లేదు. "ఓయ్, ఇనబడ్తలేదా" అన్నారు. "మన శీనుగాని అమ్మా" అన్నారు. జనం మెట్ల మీద పోగయ్యారు. కింద మెస్సులో తింటున్నవాళ్లు కూడా చెయ్యి కడుక్కుని ఎక్కి వచ్చారు. పేరు, పేరు అని ఆడవాళ్లు అందిస్తున్నారు. ఆయన చెమట తుడుచుకుని, "పేరుతోని పిలిస్తే ఆయుష్షు తగ్గుతదంటరు గదా" అన్నారు. "అది పెండ్లాం మొగని పేరు జెప్తే. ఉల్టా లేదు" అన్నారు అలివేలమ్మ గారు. ఆచార్యులు గారు ముఖం తిప్పుకున్నారు. చాలా రోజుల తర్వాత ఆయన నవ్వడం అప్పుడే చూశాను.

ఈ తతంగం నడుస్తుండగానే ఏసీ గారి జీపు వచ్చేసింది. ఆయనకు ఇవేమీ తెలియవు. మెట్లెక్కి వచ్చి, జనాన్ని చూసి ప్రారంభోత్సవం అనుకున్నారు. తలుపు బాగుందన్నారు. కింద చెక్కింది చదివి, చూపు పైకి తిప్పుకున్నారు. "ఏదీ, మూసి చూపించండి" అన్నారు. నేను "సార్, లోపల" అనేలోపే మేస్త్రీ రెండు రెక్కలూ లాగి మూసేశాడు. కొత్త టేకు, కొత్త మడత బందులు. ధడాలున పడ్డాయి, మేస్త్రీ గొళ్లెం పెట్టాడు.

ఆ గుహ నోరు మూసుకోవడం అక్కడున్న ఎవరూ, వాళ్ల తాతలు కూడా చూసి ఉండరు. లోపల నుంచి చప్పుడు లేదు, గాజుల సవ్వడి కూడా లేదు. సత్తిరెడ్డి గారి ముఖంలో రంగు మారింది. చేతిలో ఫోన్లు రెండూ కింద పెట్టేసి తలుపు మీద పడ్డారు.

"బాలమణీ!" అని అరిచారు. "బాలమణీ, నేనున్న! దర్వాజ తీయున్రా, నా పెండ్లాం లోపలున్నది!"

మేస్త్రీ కంగారుగా గొళ్లెం తీసి రెక్కలు తెరిచాడు. బాలమణి గారు కూర్చున్న చోటే ఉన్నారు. ముఖం చెమర్చింది, అంతే. ఏసీ గారు నిర్ఘాంతపోయి నా వైపు చూశారు. నేను రెండు మాటల్లో ఆ మండపం సంగతి చెప్పాను.

సత్తిరెడ్డి గారు గుహ అంచున చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఈసారి నెమ్మదిగా, "బాలమణీ, తప్పైంది. నీ పేరు చెక్కిపిస్త. రా" అన్నారు.

"వస్త" అన్నారావిడ. "పేరు లేదని కోపమొచ్చి గూసున్న. పిలిచినవు, అయిపాయె. గానీ ఇప్పుడు తలుపేస్తే లోపల ఎట్లయిందో తెలుసా? కన్నుకు కన్ను కానరాలె. నేను లోపలున్న గాబట్టి పిలిచి తీసినవు. రేపు ఇంట్ల కొట్లాడి గీ మెట్లన్ని ఎక్కొచ్చేదానికి బయట గీ తలుపు ఏసుంటే, అది ఎవలను పిలువాలె? కొట్లాటలకు టైమింగు ఉంటదా సారూ?"

చివరి మాట ఏసీ గారితో. మెట్ల మీద నుంచి ఒకావిడ, "నేను రెండుసార్లు కూర్చున్న గీడ" అంది. ఇంకెవరో నేనూ అన్నారు. ఎవరూ అడగకుండానే చెబుతున్నారు.

నేను ఎదురుచూసిన భక్తుల అభ్యంతరం అదే. అది పై అధికారి సమక్షంలో, దాత కుటుంబం నుంచే వచ్చింది. ఫైలు తెరిచి, తలుపు మూయడం ఆలయ ఆచారానికి భంగమని ఆవిడ మాటల్నే రాసి, చదివి వినిపించాను. సంతకం పెట్టమంటే ఆవిడ పెన్ను తీసుకుని నిదానంగా, పెద్ద అక్షరాలతో బాలమణి అని రాశారు. సత్తిరెడ్డి గారు భుజం మీదుగా తొంగి చూశారు.

"సార్, నగల తనిఖీలో వచ్చిన అభ్యంతరం కవచం గురించి. తలుపు గురించి కాదు" అన్నాను. ఏసీ గారు ఆ సంగతి నాకన్నా బాగా తెలిసినట్టే తలూపారు. మనిషి నిక్కచ్చి అన్నాను కదా. నిక్కచ్చి మనుషులతో ఒక సుఖం ఉంది, నిబంధన చూపిస్తే వాదించరు. అక్కడే నిలబడి నాతో రాయించారు: కవచానికి గర్భాలయం పక్క బండలో ఇనప్పెట్టె అమర్చి జంట తాళాలు వేయవలెను. ఆలయానికి తలుపులు అమర్చబడినవి. ఆచారము ప్రకారము అవి తెరిచి ఉంచవలెను. రెక్కలను ఇనప కొక్కేలతో బండకు బిగించవలెను. సత్తిరెడ్డి గారు ఇనప్పెట్టె తన దుకాణం నుంచే అన్నారు. కార్డు మాత్రం ఇవ్వొద్దని నేను చెప్పాను.

తలుపు రెక్కలు లోపలికి తెరుచుకుంటాయి. ఇప్పుడు మండపంలోకి పోతే ఒకవైపు స్వామి, ఒకవైపు అమ్మవారు. చెక్కిన అక్షరాల మీద చెక్క అతికించి "బాలమణి, సత్తిరెడ్డి దంపతులు" అని రాశారు. ఆచార్యులు గారు ఆ సాయంత్రం హారతి పళ్లెంతో గుహ అంచుకు పిలుపు సేవకు వచ్చారు. కింద ఏదో ఫ్యాక్టరీ సైరన్ మోగింది. అది ఆగేదాకా ఉండి, పిలిచారు. నాకు కళ్లు చెమర్చాయి. మెట్లు దిగి, ఆటో కోసం నాచారం చౌరస్తా దాకా నడిచాను.

దత్తత ఫైలు మూసేశారు. నేను అక్కడ ఉన్నన్నాళ్లూ ఆ తలుపు మళ్లీ మూయలేదు. మూసి చూపించమని తర్వాత వచ్చిన తనిఖీ వాళ్లు కూడా అడగలేదు. రిటైరయ్యాక ఈ శాఖలో కొత్తగా చేరే పిల్లలు అప్పుడప్పుడు సలహా అడుగుతుంటారు. గుడి చార్జి తీసుకునేటప్పుడు నగలు, భూములు, హుండీ సీళ్లు చూసుకోమని అందరూ చెబుతారు, అవి చూసుకోవాల్సిందే. నేను ఇంకొకటి చెబుతాను. మధ్యాహ్నం, పూజలు లేని వేళ, దర్శనానికి కాకుండా ఊరికే వచ్చి కూర్చునేవాళ్లు ఎవరో ఒక వారం గమనించండి. వాళ్లు అర్జీ పెట్టరు, సభకు రారు, అడిగితే లేచి వెళ్లిపోతారు. ఆ గుడికి ఏ ఉత్తర్వు వచ్చినా ముందు దెబ్బ తగిలేది వాళ్లకే.